మహానగరిలో అక్కర్లేని ఫైళ్లు

శుభవార్త వచ్చేసరికి హైమ నోటినిండా పెరుగన్నం ఉంది.

నందిగట్టు పురపాలక సంఘం ఆఫీసులో, ప్లానింగ్ సెక్షన్ కిటికీ పక్కన కూర్చుని, ఒకే ఒక్క స్టీలు గిన్నెలో తెచ్చుకున్న అన్నం తింటోంది. నిజానికి అది నాలుగు గిన్నెల క్యారియరు. పెళ్లికి మేనత్త పెట్టింది. మిగతా మూడు గిన్నెలూ ఇంట్లో అలమరలో బోర్లా పడుకుని రెండు నెలలుగా ఎదురుచూస్తున్నాయి. ఒంటరిగా తినేదానికి నాలుగూ మోసుకొస్తే ఆఫీసులో నవ్వుతారని హైమ భయం.

ఫోను కిణుక్కుమంది. భర్త ప్రభాత్ పంపిన సందేశం.

"ఆర్డరు వచ్చింది. నందిగట్టే. కాలువల సెక్షన్. సోమవారం చేరతాను."

ప్రభాత్ అసిస్టెంట్ ఇంజనీరు. పెళ్లైన వారానికే వేరే ఊరి మున్సిపాలిటీకి వెళ్లిపోయి, శనివారం బస్సులో వచ్చి ఆదివారం బస్సులో పోయే మొగుడు. భార్యాభర్తలు ఒకేచోట పనిచేసుకోవచ్చన్న నిబంధన కింద పెట్టుకున్న అర్జీ ఏ బల్లమీద ఎవరి మోచేతి కింద ఇన్నాళ్లూ నిద్రపోయిందో గాని, మొత్తానికి లేచింది.

హైమ పెరుగన్నం మింగి, చెయ్యి కడుక్కోకుండానే మేనేజరు జగ్గారావు బల్లదగ్గరికి వెళ్లింది.

"మా ఆయన వస్తున్నారండి."

"ఎక్కడికమ్మా?" అన్నాడు జగ్గారావు, కళ్లజోడు మీంచి చూస్తూ.

"ఇక్కడికేనండి. కాలువల్లోకి."

"కొత్తల్లుణ్ని కాలువల్లోకి దింపుతున్నారా? సర్లే, రానీ. పండక్కి పెట్టే బట్టలు మటుకు ముదురు రంగువి కొనమని మీ నాన్నకి చెప్పు."

ఆ సాయంత్రం హైమ ఇంటికెళ్లి మూడు గిన్నెలూ తీసి తోమింది. అవి తోమి ఉన్నవే. అయినా తోమింది. నాలుగూ ఒకదానిమీద ఒకటి పేర్చి, పక్క కొక్కేలు బిగిస్తే టక్కుమని వచ్చిన చప్పుడు విని, మళ్లీ విప్పి, మళ్లీ బిగించింది. ఆ చప్పుడు అంత బాగుంది.

శనివారం మధ్యాహ్నం రెండో కాగితం వచ్చింది. అది రాజధాని నుంచి.

"డిజిటల్ పారిశుద్ధ్య మాసోత్సవములో భాగముగా, కార్యాలయ కంప్యూటర్లలో పేరుకొనియున్న అనవసర ఫైళ్లను గుర్తించి, నిర్ధారించి, నిర్మూలించవలెను. అత్యధిక ఖాళీని సాధించిన పురపాలక సంఘమునకు రాష్ట్రస్థాయి షీల్డు బహూకరింపబడును."

కమిషనరు విశ్వంభరరావు గారి గదిలో ఒక గాజు అలమర ఉంది. అందులో ప్రస్తుతానికి ఒక ప్లాస్టిక్ గులాబీ, ఎవరో వదిలేసి వెళ్లిన గొడుగు ఉన్నాయి. షీల్డు అన్న మాట దగ్గర ఆయన చూపు కాగితం మీంచి లేచి అలమర మీద వాలింది. అరగంటలో కమిటీ ఏర్పడింది. అనవసర ఫైళ్ల గుర్తింపు, నిర్ధారణ మరియు నిర్మూలన కమిటీ. అధ్యక్షులు కమిషనరు గారు. సభ్యులు మేనేజరు జగ్గారావు, శానిటరీ ఇన్‌స్పెక్టరు తాతబ్బాయి. శుభ్రానికి సంబంధించిన విషయం కనుక తాతబ్బాయి. కంప్యూటర్లో బీయస్సీ చేసింది కనుక మౌసు పట్టుకోవడానికి హైమ.

మొదట ఆఫీసు ఫైళ్లు చూశారు. ఒక ఫోల్డర్లో "కొత్తది", "అసలు కొత్తది", "ఇదే అసలు కొత్తది" అని మూడు ఉన్నాయి. మూడింటిలోనూ విషయం ఒకటే.

"రెండు తీసేద్దామాండి?" అంది హైమ.

"ఏ రెండు?" అన్నాడు జగ్గారావు. "రేపు ఆడిట్ వాళ్లొచ్చి తీసేసిందే అసలంటే ఎవరు జవాబు? ఒకదాని మీద పాత కమిషనరు గారి సంతకముంది. ఇంకోదాని మీద ఇంకా పాతాయనది. మూడోదాని మీద ఎవరిదో తెలీదు, అది మరీ ప్రమాదం."

అలా సాయంత్రం దాకా చూసినా ఒక్క ఫైలూ కదల్లేదు. ప్రతిదానికీ ఎవరో ఒక దిక్కున్నారు. చివరికి ఏ దిక్కూ లేనిది ఒకటి కనిపించింది. కంప్యూటర్లో సగానికి పైగా స్థలం ఆక్రమించుకుని కూర్చున్న ఆట. పేరు "మహానగరి".

ఎప్పుడో సిబ్బందికి పట్టణ ప్రణాళిక నేర్పాలని పైనుంచి ఎక్కించిన కంప్యూటర్ ఆట అది. రోడ్లు వేసి, ఇళ్లు కట్టి, నీళ్లిచ్చి, ఊరు నడపాలి. శిక్షణ ఒకే ఒక్క రోజు జరిగింది, ఆరోజు భోజనం బాగుందని అందరికీ గుర్తుంది. ఆట మాత్రం హైమ పాలపడింది. పనిలేని మధ్యాహ్నాలు ఆమె అందులో నందిగట్టునే కట్టింది. రైల్వే గేటు, కూరగాయల మార్కెట్టు, గడియార స్తంభం. అసలు ఊళ్లో గడియారం ఆగిపోయింది గాని ఆటలో తిరుగుతుంది. బొమ్మ మనుషులు పొద్దున్నే పనులకి పోతారు. కష్టం కలిగితే వాళ్ల తలమీద చిన్న బుడగ లేచి అందులో ఫిర్యాదు కనిపిస్తుంది. వాళ్లలో ఎర్రసంచీ పట్టుకుని తిరిగే పెద్దాయన ఒకడున్నాడు. హైమ వాళ్లు అద్దెకున్న మేడ అసలు ఊళ్లో ఎక్కడుందో, ఆటలో సరిగ్గా అక్కడే ఆయన ఇల్లు. ఒంటరి మధ్యాహ్నాల్లో ఆయన్ని చూసి హైమ చెయ్యి ఊపేది.

"మొత్తం ఆటనే తీసేస్తే?" అన్నాడు తాతబ్బాయి.

"ప్రభుత్వ ఆస్తి," అన్నారు విశ్వంభరరావు గారు. "ఆటను సంరక్షిస్తూ, అందులోని అనవసర భాగములను మాత్రమే హేతుబద్ధీకరించవలెను."

హైమ గోడ గడియారం చూసింది. ప్రభాత్ ఎక్కిన బస్సు ఇంకో అరగంటలో స్టాండులోకి వస్తుంది. ఈసారి తిరుగు బస్సు లేని రాక. ఈ కమిటీ ఏదో ఒకటి తీసేస్తే గాని లేవదని ఆమెకి అర్థమైంది.

"సార్, ఈ ఆటలో ఫ్రెంచి, జర్మను, జపాను మాటల ఫైళ్లున్నాయి. మనకెవరికీ అక్కర్లేదు. తీసేసి ఆట తెరిచి చూద్దాం. తెరుచుకుంటే అది అక్కర్లేనిదే అన్నమాట."

తీసేసింది. ఆట తెరుచుకుంది. సంగీతంతో సహా.

విశ్వంభరరావు గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఏమన్నారు మీరు? తెరుచుకుంటే అక్కర్లేనిది. జగ్గారావు గారూ, దీన్ని కమిటీ మూలసూత్రముగా రాసుకోండి."

ఆట తెరుచుకోవడానికి ఒక బొమ్మ, కాస్త సంగీతం ఉంటే చాలనీ, మిగతా ఫైళ్ల అవసరం ఊరు నడిచేటప్పుడు గాని పడదనీ హైమకి తెలుసు. చెబుదామనుకుంది. చెబితే చర్చ మొదలవుతుంది. బ్యాగు తీసుకుని బస్టాండుకి పరుగెత్తింది. బస్సు మాత్రం తీరిగ్గా వచ్చింది.

సోమవారం నాలుగు గిన్నెల క్యారియరు ఆఫీసుకొచ్చింది. ప్రభాత్ పొద్దున్నే చేరిక రిపోర్టు ఇచ్చి కాలువలు చూడ్డానికి పోయాడు. హైమ కమిటీ ముందు కూర్చుంది, వంకాయ కూర చల్లారిపోతుందేమో అన్న ఒక్క దిగులుతో.

"మంచు అనే ఫోల్డరు ఉంది సార్," అంది. మంచు తీసేసినా పెద్ద బాధ లేదు.

"మంచుకి మనకాడ మనుషుల్లేరండి," అన్నాడు తాతబ్బాయి. "పడితే ఎత్తేదెవరు?"

మంచు పోయింది. ఆట తెరుచుకుంది.

"తుపాను," చదివింది హైమ.

"తుపాను రెవెన్యూ శాఖ పరిధి," అన్నారు విశ్వంభరరావు గారు. "మన కంప్యూటరులో దానికి ఆశ్రయమిచ్చుట అతిక్రమణ."

తుపాను పోయింది. అదే న్యాయం కింద అగ్నిమాపక శాఖదని మంటలు, విద్యాశాఖదని బళ్లు, ఆరోగ్య శాఖదని జలుబు పోయాయి. ప్రతిసారీ ఆట తెరుచుకుంది.

"రాత్రి," అంది హైమ.

"మన పనివేళలేమిటి?"

"పదిన్నర నుంచి అయిదున్నరండి."

"మరి రాత్రి ఎవరి కోసం?"

రాత్రి పోయింది. నందిగట్టు మీద సూర్యుడు నడినెత్తిన నిలబడిపోయాడు.

"వీధి కుక్కలు," అనగానే తాతబ్బాయి మొహం వాడిపోయింది.

"అయ్యి మనయ్యేనండి," అన్నాడు నిజాయితీగా.

హైమ మీట నొక్కింది. కుక్కలు పోయాయి. ఆట తెరుచుకుంది. తాతబ్బాయి చాలాసేపు ఆ తెరకేసి చూశాడు. "నా సర్వీసంతా వల పట్టుకుని పరిగెత్తానండి," అన్నాడు. "ఇంత తేలికని ఎవరూ చెప్పలేదు."

ఇంతవరకు హైమకి కూడా సరదాగానే ఉంది. మధ్యాహ్నం ఆఫీసు డాబామీద నీడలో కూర్చుని ప్రభాత్‌కి ఇదంతా వేషాలతో సహా చేసి చూపించింది. అతనికి వంకాయ కూరన్నం తింటూ నవ్వు ఆగక పొలమారింది. ఆఫీసులో అన్నం తినడం ఇంత బాగుంటుందని ఆమెకి ఆరోజే తెలిసింది.

మర్నాడు ఫిర్యాదుల వంతు వచ్చింది.

"ఈ బుడగలేమిటి?" అడిగారు విశ్వంభరరావు గారు.

"జనం ఫిర్యాదులండి. నీళ్లు రాకపోతే, దీపం వెలక్కపోతే తలమీద లేస్తాయి."

"వీటిపై మనము చర్య తీసుకొనుచున్నామా?"

"ఆటలోనాండి, బయటా?"

"ఏదో ఒకచోట."

జగ్గారావు దగ్గాడు. "చర్య లేని ఫిర్యాదు అనవసరమే కదండి," అన్నాడు.

ఫిర్యాదులు పోయాయి. ఆట తెరుచుకుంది. అంతేకాదు, తెర మూలన ప్రజల సంతృప్తి అనే ముల్లు ఒకటి ఉంది, అది మెల్లగా లేచి వందమీద నిలబడింది. దాంతోపాటు విశ్వంభరరావు గారు కూడా లేచి నిలబడ్డారు.

"నా సర్వీసులో," అన్నారు, "ఇంతటి సంతృప్తి చూడలేదు." ఆ అంకెను అప్పటికప్పుడే రాజధానికి పంపించారు.

తర్వాతి ఫోల్డరు అన్నిటికంటే పెద్దది. పేరు చూడగానే హైమ వేలు ఆగిపోయింది. భూగర్భ కాలువలు.

"ఇది వద్దండి," అంది.

"ఎందుకు వద్దు? దీన్ని ఎవరైనా చూశారా?"

"భూమి కింద ఉంటాయి కదండి, కనబడవు."

"నిపుణుణ్ని పిలవండి."

ప్రభాత్ వచ్చాడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి. బురద చెప్పులు గుమ్మం బయట విడిచాడు.

"ఇంజనీరు గారూ," అన్నారు విశ్వంభరరావు గారు, "కాలువ పనిచేయుచున్నదని ఎట్లు గుర్తించెదరు?"

"కనబడితే పాడైనట్టు సార్. కనబడకపోతే పనిచేస్తున్నట్టు."

"అనగా మీ పని ఎంత బాగుంటే అంత కనబడదు."

"అంతేనండి."

"కనబడనిదాన్ని ఈ కమిటీ అవసరమని ఎట్లు నిర్ధారించగలదు?"

ప్రభాత్ హైమకేసి చూశాడు. హైమ జగ్గారావుకేసి చూసింది. జగ్గారావు కిటికీలోంచి బయటికి చూశాడు. మూలసూత్రం ప్రకారం తీసి చూడాలి. తీసింది. ఆట చక్కగా తెరుచుకుంది. ఒక పూర్తి పనిదినం ఆగి చూశారు. ఏ తలమీదా ఏ బుడగా లేవలేదు. లేవడానికి బుడగలు ఉంటేగా. ముల్లు వందమీదే ఉంది.

ఆ సాయంత్రం జగ్గారావు ఒక నోటు తయారుచేసి, హైమకి చూపించకుండా కమిషనరు గారికి పెట్టాడు. చూపించకపోయినా అది టైపు చేయాల్సింది హైమే.

"నమూనా పట్టణము కాలువలు లేకుండా సంపూర్ణ సంతృప్తితో నడిచినందున, సదరు కాలువల అసిస్టెంట్ ఇంజనీరు పోస్టు ఈ పురపాలక సంఘమునకు అనవసరమని తేలినది. పోస్టును, అందులోని వ్యక్తిని ప్రధాన కార్యాలయమునకు సరెండర్ చేయుటకు ప్రతిపాదించడమైనది."

సరెండర్ అంటే వెనక్కి పంపించేయడం. అంటే మళ్లీ శనివారం బస్సు, ఆదివారం బస్సు. ఆర్డరు వచ్చేదాకా మళ్లీ ఒంటరి గిన్నె.

మర్నాడు డాబామీద క్యారియరు విప్పింది గాని ఆమెకి ముద్ద దిగలేదు.

"తెరుచుకుంటే అక్కర్లేనిది అన్నది నేనే," అంది. "మీ బస్సు టైమైందని తొందరపడి అన్నాను."

"ఆరోజు బస్సు ఆలస్యంగా కూడా వచ్చింది," అన్నాడు ప్రభాత్. "పప్పు వేసుకో. క్యారియరునింకా సరెండర్ చెయ్యలేదు కదా."

"మీకన్నీ నవ్వులాటే."

"నవ్వకేం చెయ్యను? నేను బాగా పనిచేస్తే కనబడను. కనబడకపోతే అక్కర్లేదు. చెడగొట్టి చూపిద్దామంటే మన వీధిదే ముందు పొంగుతుంది."

ఆటలో నందిగట్టు ఖాళీ కావడం ఆ మధ్యాహ్నమే మొదలైంది. బొమ్మ మనుషులు ఒక్కొక్కరే మూటలు చంకనపెట్టుకుని బస్సెక్కి పోసాగారు. మారాం లేదు, గొడవ లేదు, తలమీద బుడగ లేదు. ఎవరూ ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

"జనం పోతున్నారండి," అంది హైమ.

"జనసాంద్రత తగ్గుచున్నది," సరిదిద్దారు విశ్వంభరరావు గారు.

"చెత్త కూడా తగ్గిందండోయ్," అన్నాడు తాతబ్బాయి. మార్కెట్టు వీధి అద్దంలా ఉంది. శుక్రవారం పొద్దుటికి ఊళ్లో ఒకే ఒక్కడు మిగిలాడు. ఎర్రసంచీ పెద్దాయన. నడినెత్తి ఎండలో బస్‌స్టాపులో చాలాసేపు నిలబడి, ఒకసారి తన ఇంటికేసి తిరిగి చూసి, బస్సెక్కేశాడు. హైమ ఆయనకి చెయ్యి ఊపబోయి, పక్కన కమిటీ ఉందని మానేసింది.

జనాభా సున్నా. సంతృప్తి వంద. ఆ రెండు అంకెలూ పక్కపక్కనే ఉన్నా, విశ్వంభరరావు గారి చూపు ఒకదాని మీదే ఆగింది.

ఆ మధ్యాహ్నమే షీల్డు ఇవ్వడానికి రాజధాని నుంచి జాయింట్ డైరెక్టరు సుగాత్రీ దేవి గారు బయల్దేరారు. నందిగట్టుది, పక్క మున్సిపాలిటీది ఖాళీలో సరిసమానంగా ఉన్నాయనీ, ఆవిడ చేరేలోగా ఎవరు ఒక్క ఫైలు ఎక్కువ తీసినా షీల్డు వాళ్లదేననీ ఫోను వచ్చింది. విశ్వంభరరావు గారు చొక్కా గుండీలు బిగించుకుని, "ఇంకొకటి వెదకండి," అన్నారు.

హైమ రాత్రంతా ఆలోచించిన ముఖంతో కూర్చుని ఉంది. "ఒకటుందండి. ఆట పెట్టిన దగ్గర్నుంచి ఒక్కరూ నొక్కి చూడనిది. మన మూలసూత్రానికి సరిగ్గా సరిపోతుంది."

"ఏమిటది?"

"పురపాలక సంఘం ఆఫీసండి."



"మన ఆఫీసా?" అన్నాడు జగ్గారావు.

"ఆటలోదేనండి. ఎవరూ ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు."

"వొద్దులెండి," అన్నాడు తాతబ్బాయి. "పక్కూరోళ్లకే ఇచ్చేద్దారి షీల్డు."

విశ్వంభరరావు గారు చిరునవ్వు నవ్వారు. అది తన స్థానం మీద పూర్తి నమ్మకమున్న మనిషి నవ్వు. "తీయండి. ఏమగునో నేను చెప్పెదను. ఆట తెరుచుకొనదు. పురపాలక సంఘము లేని పట్టణము ఎట్లు తెరుచుకొనును? మనము అత్యవసరమని రుజువగును. రుజువైన పిమ్మట వేరొకటి చూచుకొందము."

హైమ మీట నొక్కింది.

ఆట తెరుచుకుంది. ఇదివరకు కంటే చురుగ్గా తెరుచుకుంది. సంగీతం కూడా ఎక్కడా తడబడకుండా సాగింది.

మూలసూత్రం ప్రకారం ఇప్పుడు కమిటీ ముగ్గురూ సంతకాలు పెట్టాలి, పురపాలక సంఘం అనవసరమని. తాతబ్బాయి కలం మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. సరిగ్గా అప్పుడే కిందనుంచి కారు హారన్ వినిపించింది. జగ్గారావు పూలదండ పట్టుకుని మెట్లకేసి పరుగెత్తాడు.

సుగాత్రీ దేవి గారు గదిలోకి వచ్చేసరికి, తెరమీద నడినెత్తి ఎండలో, ఖాళీ వీధిలో, ఒక బస్సు వచ్చి ఆగింది. అందులోంచి ఒక మనిషి దిగాడు. ఎర్రసంచీ. జనాభా అంకె సున్నా నుంచి ఒకటయింది. ఆఫీసు పోవడంతో పన్నులు, అనుమతులు, నోటీసులు అన్నీ దానితోనే పోయాయని హైమకి అర్థమైంది. ఆ మాట ఆయనకి ఎవరు చెప్పారో.

"ఎవరతను?" అడిగారు సుగాత్రీ దేవి గారు, మెడలో దండతోనే తెరమీదికి వంగి.

"పౌరుడు మేడమ్," అన్నారు విశ్వంభరరావు గారు.

"ఒక్కడేనా?"

"ప్రస్తుతమునకు."

"అన్ని ఊళ్లలోనూ జనం పోవడమే చూస్తున్నాను. రావడం ఇక్కడే చూస్తున్నాను. ఏం చేస్తే వచ్చాడితను?"

విశ్వంభరరావు గారు చొక్కా గుండీ ఇంకోసారి సవరించుకున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఒకే ఒక్క వాక్యం ఉంది, ఆ వాక్యం తర్వాత ఆయనకి కుర్చీ ఉండదు. పక్కనే మౌసు పట్టుకున్న హైమ, తల తిప్పకుండా, ఆయనకి మాత్రమే వినపడేలా అంది.

"కాలువలు తిరిగి పెట్టామని చెప్పండి సార్."

"కాలువలు," అన్నారు విశ్వంభరరావు గారు పెద్దగా. "కాలువలను పునఃప్రతిష్ఠించుటచే పౌరునికి విశ్వాసము కలిగి, పట్టణమునకు పునరాగమనము చేసినాడు మేడమ్."

"బాగుంది. ఆ కాలువల ఇంజనీరును పిలవండి."

ప్రభాత్ మళ్లీ మడిచిన ప్యాంటుతో వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. సుగాత్రీ దేవి గారు అతన్ని ఎగాదిగా చూశారు.

"ఇతని పోస్టు అక్కర్లేదని మీ ప్రతిపాదన నిన్ననే నా బల్లమీదికి వచ్చిందే?"

విశ్వంభరరావు గారు జగ్గారావుకేసి చూశారు. జగ్గారావు ఈసారి కిటికీ దాకా పోలేదు. "అవసరం అని రాయబోయి వేరేలా పడిపోయిందండి," అన్నాడు. "కంప్యూటరు కదండి. ఖాళీ ఎక్కువైపోతే అక్షరాలు జారిపోతాయి."

"చింపేస్తాను," అన్నారావిడ. షీల్డు ఇచ్చారు. ఫొటో తీయించారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "రేపు మధ్యాహ్నం విలేఖరులతో మళ్లీ వస్తాను. ఆ కాలువలూ, ఆ పౌరుడూ రెండూ చూపించాలి. ఈలోగా అతను వెళ్లిపోకుండా చూసుకోండి."

కారు కదిలిన చప్పుడు వినేదాకా ఎవరూ కూర్చోలేదు.

"హైమ గారూ," అన్నారు విశ్వంభరరావు గారు. ఇన్నాళ్లలో ఆయన ఆమెని 'గారు' అనడం ఇదే మొదలు. "కాలువలు మాత్రము తిరిగి పెట్టండి."

"అవొక్కటే రావండి. ఆటని సరిచూసి బాగుచేసే మీట ఒకటుంది. అది నొక్కితే పోయిందేదో అదే వెతుక్కుని మొత్తం తెచ్చేస్తుంది."

"మొత్తమనగా?"

"రాత్రి వస్తుందండి. తుపాను వస్తుంది. జలుబు వస్తుంది."

"కుక్కలండి?" అన్నాడు తాతబ్బాయి నీరసంగా.

"అవీను."

"ఫిర్యాదులు?" అన్నారు విశ్వంభరరావు గారు.

"అవే ముందొస్తాయండి."

"మన ఆఫీసు?"

"వస్తుందండి," అంది హైమ. ఎర్రసంచీ పెద్దాయన తన ఇంటి అరుగుమీద కూర్చుని, సంచీలోంచి ఏదో తీసుకుని తింటున్నాడు. ఆయనకి ఇదేమీ తెలియదు.

"మరి ఖాళీ?"

"మిగలదండి."

విశ్వంభరరావు గారు గాజు అలమర దగ్గరికి వెళ్లారు. ప్లాస్టిక్ గులాబీని పక్కకి జరిపారు. గొడుగు తీసి తాతబ్బాయి చేతికిచ్చారు. షీల్డును మధ్యలో నిలబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు.

"రేపు ఉదయము నొక్కండి," అన్నారు మెల్లగా. "ఈ పూటకి ఉండనీయండి."

సాయంత్రం హైమ, ప్రభాత్ గాంధీ వీధి గుండా నడిచి ఇంటికెళ్తున్నారు. ఖాళీ క్యారియరు ఆమె చేతిలో ఊగుతోంది. గడియార స్తంభం ఎప్పటిలాగే ఆగి ఉంది. అసలు ఊళ్లో కుక్కలు మూడు వాళ్ల వెనకాలే నడుస్తున్నాయి, గిన్నెల్లో ఏమైనా మిగిలిందేమో అన్నట్టు.

"బతికిపోయాను," అన్నాడు ప్రభాత్.

"ఎన్నాళ్లు? ఇంకో మాసోత్సవం వస్తుంది. మళ్లీ ఎవరో కాలువలు చూశారా అంటారు. అందుకే నేనొకటి ఆలోచించాను."

"ఏమిటది?"

"రేపు పొద్దున్నే వెళ్లి మీట నొక్కుతాను. నొక్కాక కిందికి దిగి, అసలు ఫిర్యాదుల కౌంటరు దగ్గరికి వెళ్లి, మన వీధి చివర కాలువ పొంగుతోందని మొట్టమొదటి ఫిర్యాదు నేనే ఇస్తాను."

"మన వీధి కాలువ బాగానే ఉందిగా. మొన్ననే దగ్గరుండి తీయించాను."

"అందుకే కదా ఇస్తున్నాను. బాగుందంటే మిమ్మల్నెవరు గుర్తుపెట్టుకుంటారు?" అని హైమ క్యారియరు చెయ్యి మార్చుకుంది. "ఇంజనీరు రోజూ వచ్చి చూసిపోవాలని కింద గీత గీసి మరీ రాస్తాను. మధ్యాహ్నం విలేఖరులొచ్చేలోపు మీరు నాకు రసీదు ఇప్పించాలి. ఆ పైన డాబామీదికి రండి, రేపు గుత్తివంకాయ."